అపర విశ్వామిత్రుడు లూథర్ బర్బాంక్

నిజ్వా దాటి బిర్కత్ అల్ మౌజ్ గ్రామం దగ్గర ఖర్జూరపు తోటలను వెనుక విడిచి, ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో జబల్ అఖ్దర్ కొండ ఎక్కి వచ్చిన తెలుగు కుటుంబాలు ఒమాన్‌లో చాలానే ఉన్నాయి. కింద ఎడారి గాలి ముఖాన కొడుతుంటే, సముద్రమట్టానికి దాదాపు 2000 మీటర్ల ఎత్తున ఉన్న సైక్ పీఠభూమి మీద శాలువ కప్పుకోవలసి వస్తుంది. అక్కడ కొండవాలున మెట్లు మెట్లుగా కట్టిన చిన్న చిన్న మళ్ళు, వాటికి ఫలజ్ కాలువల నీరు. ఆ మళ్ళలో దానిమ్మ, అక్రోటు, ఆప్రికాట్, పీచ్ చెట్ల నడుమ, వసంతకాలంలో తెల్లని పూలతో నిండిపోయే చెట్లు కొన్ని కనిపిస్తాయి. వాటి పండ్లనే అరబ్బీలో బర్కూక్ అంటారు. ఇంగ్లీషులో ప్లమ్. మన పిల్లలు ఆ పండు చూసి దీనికి తెలుగు పేరేమిటని అడిగితే పెద్దలు కాస్త తడబడతారు. కొందరు రేగుపండు అంటారు, కొందరు ఆల్‌బుఖారా అంటారు. భోగినాడు పిల్లల తలమీద పోసే రేగుపండు దీనికి బంధువు కాదు. ఆ రేగుకు దగ్గర చుట్టం ఒమాన్ వాగుల వెంట పెరిగే సిద్ర్ చెట్టు. కాని ఆల్‌బుఖారా మాత్రం ముమ్మాటికీ ఈ ప్లమ్ పండే. హైదరాబాదు వంటవారు బిర్యానీలో పుల్లదనానికి వేసే ఆ ఎండుపండును మనం చిన్ననాటి నుండి ఎరుగుదుము.

ఈ పేర్లలో ఒక చమత్కారం ఉంది. ఫార్సీలో ఆలూ అంటే ప్లమ్ పండు. ఆలూ బుఖారా అంటే బుఖారా నగరపు ప్లమ్. హిందీలో, ఉర్దూలో ఆలూ అంటే బంగాళాదుంప. ఈ వ్యాసంలో మేము పరిచయం చేయబోతున్న మహనీయుని జీవితంలో ఈ రెండు ఆలూలూ కలిసి ఉన్నాయి. ఆయన దుంపతో బతుకు మొదలుపెట్టి పండుతో ప్రపంచ ప్రసిద్ధుడైనాడు. ఆయనే లూథర్ బర్బాంక్. నేడు మస్కట్ బజారులో మనం కొనే ఎర్రని గుండ్రని ప్లమ్ పండ్లలో చాలా వాటి వంశంలో ఎక్కడో ఒకచోట ఆయన చేతి పుప్పొడి ఉండి తీరుతుంది.

ముందుగా ఆ పండు పుట్టుపూర్వోత్తరాలు రెండు మాటల్లో చెప్పుకుందాము. ప్లమ్ పండ్లలో ముఖ్యమైన వంశాలు రెండు. ఒకటి పడమటి వంశం. ఇది కాకసస్ పర్వతాలకు, కాస్పియన్ సముద్రానికి చుట్టుపక్కల ప్రాంతాలలో రూపుదిద్దుకొని యూరప్ అంతటా వ్యాపించిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. రోమన్ పండితుడు ప్లినీ తన కాలంలోనే లెక్కకు మించిన ప్లమ్ రకాలున్నట్లు వ్రాశాడు. డామ్సన్ అనే చిన్న నల్లని ప్లమ్ పేరులో డమాస్కస్ నగరం పేరు దాగి ఉంది. రెండవది తూర్పు వంశం. ఇది చైనాలో పుట్టి జపాన్‌లో బాగుపడింది. పడమటి పండు ఎండబెట్టడానికి మేలు, తూర్పు పండు పచ్చిగా తినడానికి మేలు. వేల సంవత్సరాలపాటు ఈ రెండు వంశాలూ ఒకదాని ముఖం ఒకటి ఎరుగకుండా పెరిగినాయి. వీటితో పాటు అమెరికా అడవులలో పుల్లని చిన్న ప్లమ్ జాతులు వేరుగా ఉన్నాయి. ఈ చెదరిన కుటుంబాన్ని ఒక తోటలోకి చేర్చి, తూర్పు పండుకు కొత్త జీవం పోసినవాడు బర్బాంక్.

ఆయన 1849 మార్చి 7వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, లాంకాస్టర్ గ్రామంలో జన్మించాడు. తండ్రి శామ్యూల్ వ్యవసాయదారుడు, ఇటుకలు కూడా కాల్పించేవాడు. తల్లి ఆలివ్ ఆయనకు మూడవ భార్య. పెద్ద సంసారంలో లూథర్ పదమూడవ బిడ్డ. చదువు ఊరి అకాడమీతో ముగిసింది. కొంతకాలం నాగళ్ళు చేసే కర్మాగారంలో పనిచేశాడు. తండ్రి మరణించిన తరువాత తన వాటాకు వచ్చిన డబ్బుతో లూనెన్‌బర్గ్‌లో 17 ఎకరాల భూమి కొని కూరగాయలు పండించసాగాడు. ఆ రోజులలోనే, 1868లో వెలువడిన డార్విన్ గ్రంథం ఒకటి ఆయన చేతికి వచ్చింది. మనిషి పెంపకంలో మొక్కలూ జంతువులూ ఎట్లా మారుతూ వస్తాయో వివరించే గ్రంథమది. మొక్క అంటే విధి వ్రాసిన వ్రాత కాదు, మనిషి ఓర్పుతో మార్చుకోగల పదార్థం అన్న భావం ఆ యువకుని మనసులో నాటుకొన్నది.

బంగాళాదుంపను మన రైతులు దుంపముక్కలతోనే నాటుతారు. ఆ మొక్కకు కాయ కాయడం అరుదు. 1872లో తన చేనులో ఒక మొక్కకు చిన్న కాయ కనబడగా బర్బాంక్ దానిని పదిలంగా కాపాడుతూ వచ్చాడు. ఒకనాడు చూస్తే అది రాలి ఎక్కడో పడిపోయింది. రోజుల తరబడి మట్టిలో వెతికి దానిని సంపాదించాడు. అందులో ఉన్న 23 గింజలను నాటితే 23 మొక్కలూ 23 విధాలైనాయి. వాటిలో ఒకటి పెద్ద దుంపలు, తెల్లని నున్నని దుంపలు ఇచ్చింది. ఆ రకం మీద హక్కులను ఒక విత్తనాల వ్యాపారికి 150 డాలర్లకు అమ్ముకున్నాడు. ఆ దుంప సంతతిలోనిదే రస్సెట్ బర్బాంక్. నేడు ప్రపంచమంతటా వేపుడు ముక్కలుగా అమ్ముడయ్యే దుంపలలో దానిది అగ్రస్థానం. దాని మీద లోకం ఆర్జించిన కోట్లలో కనిపెట్టినవానికి దక్కినది ఆ 150 డాలర్లే. తన ఊరు వదిలి వెళ్ళేటప్పుడు ఆ దుంపలు పది మాత్రం తన వెంట తీసుకువెళ్ళడానికి ఆయనకు అనుమతి లభించింది.

1875 అక్టోబరులో ఆ పది దుంపలతో, 26 ఏండ్ల వయసులో ఆయన రైలెక్కి దేశానికి ఈ చివర నుండి ఆ చివరకు, కాలిఫోర్నియాలోని సాంటా రోసా పట్టణానికి చేరాడు. కన్న ఊరు వదిలి, చేతిలో నాలుగు గింజలో పచ్చడి జాడీయో పట్టుకొని తెలియని నేలకు వచ్చిన మన పెద్దలకు ఈ ప్రయాణం కొత్తగా తోచదు. మొదటి రోజులు గడ్డుగానే గడిచాయి. దొరికిన కూలిపని చేశాడు, కోళ్ళగూడులో పడుకున్నాడు, జ్వరంతో మంచం పట్టాడు. ఇరుగుపొరుగున ఉన్న ఒక పేదరాలు రోజూ కాసిని పాలు పోసి ఆయనను బతికించిందని ఆయన జీవితకథలు చెబుతాయి. 1877లో తల్లి, చెల్లెలు కూడా సాంటా రోసాకు వచ్చి చేరారు. క్రమంగా ఒక చిన్న నర్సరీ నిలబడింది.

ఆయన పేరు మొదట మారుమ్రోగింది ప్లమ్ చెట్లతోనే. 1881 వసంతంలో వారెన్ డటన్ అనే ధనికుడు, ఆ ఏడాది చివరలోగా నాటడానికి 20,000 ప్రూన్ చెట్లు కావాలన్నాడు. ఎండబెట్టడానికి పనికివచ్చే పడమటి ప్లమ్‌నే ప్రూన్ అంటారు. మామూలుగా అట్టి అంట్లు తయారు కావడానికి రెండు మూడేండ్లు పడుతుంది. తక్కిన నర్సరీలవారు కుదరదన్నారు. బర్బాంక్ ఒప్పుకున్నాడు. ప్లమ్ గింజ మొలవడానికి ఆలస్యం చేస్తుంది, బాదం గింజ త్వరగా మొలుస్తుంది, రెండూ ఒకే జాతి చుట్టాలు. కనుక ఆయన తడి ఇసుకలో బాదం గింజలు మొలకెత్తించి, మళ్ళలో నాటి, వేసవి నాటికి ఆ లేత మొక్కల మీద ప్రూన్ కళ్ళు అంటు కట్టించాడు. కన్ను అతుక్కొన్నాక పై కొమ్మను ఒక్కసారిగా నరికివేయక, సగం విరిచి వంచి ఉంచాడు. అందువల్ల వేరుకు ఆహారం ఆగలేదు, కన్నుకు బలం వచ్చింది. డిసెంబరు నాటికి 19,000కు పైగా మొక్కలు తయారై నిలిచాయి. మన కోస్తాలో, రాయలసీమలో మామిడి అంట్లు కట్టే నర్సరీ రైతు ఈ కథ వింటే, పల్లెలో ఎవరూ చెప్పకుండానే దాని విలువ గ్రహిస్తాడు.

తరువాతి ఘట్టం 1885లో వచ్చింది. జపాన్‌లోని సత్సుమా ప్రాంతంలో నెత్తురు రంగు గుజ్జు గల ప్లమ్ పండు ఉన్నదని ఒక నావికుని రచనలో ఆయన చదివి ఉన్నాడు. నాటి నుండి ఆ పండు మీదనే ధ్యాస. జపాన్ నుండి తెప్పించిన మొదటి మొక్కలు దారిలోనే చచ్చిపోయాయి. పట్టు విడువక మరల తెప్పించాడు. 1885 డిసెంబరులో 12 మొక్కలు ప్రాణంతో చేరాయి. అమెరికాలో ప్లమ్ సాగు చరిత్రను ఆ డజను మొక్కలు మార్చివేశాయి. వాటిలో ఒకదానిని సత్సుమా అన్నారు. ఇంకొకదానికి ప్రభుత్వ వ్యవసాయ శాఖలోని పండ్ల నిపుణుడు బర్బాంక్ పేరే పెట్టాడు. ఆ ఏడాదే సాంటా రోసాకు కొద్ది దూరంలో సెబాస్టపూల్ దగ్గర ఆయన ప్రయోగాలకు భూమి కొన్నాడు. పిమ్మట 18 ఎకరాలకు పెరిగిన ఆ తోట పేరు గోల్డ్ రిడ్జ్. ఆయన యాగశాల అదే.

ఆయన పద్ధతి చెప్పడానికి సులువు, చేయడానికి దుర్భరం. ఒక చెట్టు పూల పుప్పొడిని చిన్న గాజుపళ్ళెంలో సేకరించి, మరొక చెట్టు పూవుకు వేలికొనతో అద్దేవాడు. అట్లా వచ్చిన కాయల గింజలు నాటేవాడు. ప్లమ్ గింజ మామిడి టెంకవంటిదే, నాటితే తల్లి చెట్టు గుణం ఉన్నదున్నట్లు రాదు. వేల గింజల నుండి వేల రకాల మొక్కలు వస్తాయి. ఒక్కొక్క మొక్క కాపుకు రావడానికి ఏండ్లు పడుతుంది కనుక, ప్రతి మొక్క నుండి ఒక పుల్ల కోసి ఎదిగిన చెట్టు కొమ్మలకు అంటు కట్టేవాడు. ఒకే చెట్టు మీద వందల రకాల పండ్లు కాసేవి. ఎన్నో ఎకరాలు చేయవలసిన పని ఒక చెట్టు చేసిపెట్టేది. కాపు వచ్చిన వేళ తోటలో నడుస్తూ, రుచి చూస్తూ, ఉంచవలసిన దానికి గుర్తు కట్టి, తక్కినవన్నీ పెరికించి మంట పెట్టించేవాడు. పదివేల మొక్కలలో ఒకటి నిలిస్తే అదృష్టమే. ఆకును చూచి కాబోయే పండును ఊహించగల చూపు ఆయనకు ఉండేదని చూచినవారంతా ఒప్పుకున్నారు.

ఈ విధంగా ఆయన చేతిమీదుగా 113 రకాల ప్లమ్, ప్రూన్ పండ్లు వెలువడినాయి. చైనాకు చెందిన సైమన్ ప్లమ్ రక్తం కలిపి విక్సన్ అనే రకం తెచ్చాడు. ప్లమ్‌ను ఆప్రికాట్‌తో సంకరం చేసి ప్లమ్‌కాట్ అనే కొత్త పండు పుట్టించాడు. అది జరగని పని అని నాటి పండితులు తలచారు. దాని దారిలోనే కాలిఫోర్నియాకు చెందిన ఫ్లాయిడ్ జైగర్ తరువాతి కాలంలో ప్లూయట్ పండ్లను సృష్టించాడు. ఆయన రకాలన్నింటిలో తలమానికం 1906లో విడుదలైన సాంటా రోసా. ఎర్రని తోలు, పసుపు కలిసిన ఎర్రని గుజ్జు, ఘుమఘుమలాడే వాసన, తీపిలో చిటికెడు పులుపు. హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయ రైతులు పండించే ప్లమ్ రకాలలో ముఖ్యమైనది ఈనాటికీ అదే. ప్లమ్ చెట్టు పూయడానికి చలికాలంలో కొన్ని వందల గంటల చలి కావాలి. అందుకనే మన ఆంధ్ర, తెలంగాణ మైదానాలలో అది కాయదు. అందుకనే ఒమాన్‌లో మస్కట్ తీరాన కాయనిది జబల్ అఖ్దర్ శిఖరాన కాస్తుంది.

ప్లమ్ ఒక్కటే కాదు. 1901లో విడుదలైన శాస్తా డైసీ పూవు, ముళ్ళులేని నాగజెముడు, ఎన్నో బెర్రీ పండ్లు, మొత్తం 800కు పైగా కొత్త రకాలు ఆయన ఖాతాలో ఉన్నాయి. 1893లో అచ్చయిన ఆయన పట్టిక చూచి ప్రపంచం విస్తుపోయింది. పత్రికలు ఆయనను మాంత్రికుడన్నాయి. త్రిశంకు కోసం వేరొక సృష్టి చేసిన మన విశ్వామిత్రుని కథ వారికి తెలిసి ఉంటే ఆ పేరే పెట్టి ఉండేవారు. ఆయనకు మాత్రం మాంత్రికుడన్న మాట రుచించేది కాదు. డచ్చి వృక్షశాస్త్రవేత్త హ్యూగో డి వ్రీస్ 1904లో స్వయంగా వచ్చి తోట చూచాడు. 1915లో థామస్ ఎడిసన్, హెన్రీ ఫోర్డ్ వచ్చి అతిథులైనారు.

ఇక నాణానికి రెండవ వైపు. 1905 నుండి కార్నెగీ సంస్థవారు ఏటా 10,000 డాలర్లు ఆయనకు మంజూరు చేశారు. ఆయన పద్ధతులను శాస్త్రీయంగా నమోదు చేయడానికి జార్జ్ షల్ అనే యువ శాస్త్రవేత్తను పంపారు. కాని నమోదు చేయడానికి ఆధారాలు ఏవీ? ఏ చెట్టు పుప్పొడి ఏ పూవుకు అద్దిందీ, ఎన్ని మొలిచిందీ, ఎన్ని చచ్చిందీ చాలా వరకు బర్బాంక్ తలలోనే ఉన్నాయి. కాగితాల మీద ఉన్నవి కొద్దిపాటి గీతలు, గుర్తులు. ఆయనకు కావలసినది ఫలం, వారికి కావలసినది లెక్క. ఇరుపక్షాలకూ పొసగలేదు. కొద్ది ఏండ్లలో ఆ సహాయం ఆగిపోయింది. మెండెల్ సూత్రాలు వెలుగులోకి వచ్చి జన్యుశాస్త్రం తలెత్తుతున్న కాలమది. ఆ శాస్త్రజ్ఞులు ఆయనను తోటమాలిగా గౌరవించారు కాని తమలో ఒకనిగా లెక్కించలేదు. 1914, 1915 సంవత్సరాలలో ఆయన పేర 12 సంపుటాల గ్రంథం వెలువడినా ఆ లోటు తీరలేదు. సాంటా రోసా ప్లమ్ అంతటి పండుకు కూడా పూర్తి వంశవృక్షం ఈనాటికీ దొరకదు.

వ్యాపారంలోనూ చేదే మిగిలింది. 1912లో ఆయన పేరు మీద ఇతరులు ఒక కంపెనీ పెట్టారు. ముళ్ళులేని నాగజెముడుతో ఎడారులన్నీ పశువుల మేతగా మారతాయని ఊదరగొట్టారు. గిరాకీ తట్టుకోలేక మామూలు జెముడుకు ముళ్ళు కాల్చి అమ్మిన సందర్భాలు బయటపడ్డాయి. కొద్ది ఏండ్లలో కంపెనీ దివాలా తీసింది. చేయని తప్పుకు మచ్చ ఆయన పేరుకు అంటుకొన్నది.

ఆయన భావాలన్నీ నేడు మనకు ఆమోదయోగ్యం కావు. 1907లో పిల్లల పెంపకం గురించి చిన్న పుస్తకం వ్రాశాడు. పిల్లలను పదేండ్ల వరకు బడిగోడల మధ్య బంధించక, ప్రకృతి ఒడిలో, ప్రేమతో పెంచాలన్నాడు. అమెరికాకు వలస వచ్చిన జాతుల కలయికలో మేలు చూచాడు. అంతవరకు బాగానే ఉంది. అయితే మనుషులను కూడా మొక్కలవలె ఏరివేసి మెరుగుపరచవచ్చుననే నాటి భ్రమలో ఆయనకూ పాలు ఉంది. ఆ సిద్ధాంతం తరువాత లోకానికి ఎంత కీడు చేసిందో మనకు తెలుసు. పనికిరాని ప్లమ్ మొక్కను మంటలో వేయవచ్చును, మనిషిలో పనికిరానివాడు లేడు.

భారతీయులకు ఆయనతో ఒక ఆత్మీయ బంధం ఉంది. 1920లో అమెరికా వెళ్ళిన పరమహంస యోగానంద సాంటా రోసా తోటకు వచ్చి ఆయనకు మిత్రుడైనాడు. బర్బాంక్ ఆయన వద్ద క్రియాయోగ దీక్ష తీసుకున్నాడు. 1946లో వెలువడిన యోగానంద ఆత్మకథ బర్బాంక్ స్మృతికి అంకితమైంది. తెలుగులో ఆ గ్రంథం చదివినవారికి గులాబీల నడుమ ఆ వృద్ధుని చిత్రం గుర్తుండే ఉంటుంది.

చివరి రోజులు ప్రశాంతంగా గడవలేదు. 1926 జనవరిలో మత విషయాలపై ఆయన నిర్మొహమాటంగా వెలిబుచ్చిన అభిప్రాయాలు పత్రికలకెక్కి పెద్ద దుమారం లేచింది. దేశం నలుమూలల నుండి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. వాటికి ఓపికగా సమాధానాలు చెబుతూ అలసిపోయాడు. గుండెజబ్బు పడి 1926 ఏప్రిల్ 11వ తేదీన, 77వ ఏట కన్నుమూశాడు. సాంటా రోసాలోని తన ఇంటి ఆవరణలో, తాను పెంచిన లెబనాన్ దేవదారు నీడన, పేరు చెక్కిన రాయి లేకుండా ఆయనను సమాధి చేశారు. ఆయన పుట్టినరోజు మార్చి 7న కాలిఫోర్నియాలో చెట్లు నాటే పండుగ జరుగుతుంది.

ఆయన జీవించి ఉండగా మొక్కను కనిపెట్టినవానికి చట్టంలో ఏ హక్కూ లేదు. ఒక కొమ్మ అమ్మితే ఆ కొమ్మ నుండి లక్ష చెట్లు పుట్టవచ్చును, అమ్మినవానికి మరొక పైసా రాదు. ఆయన మరణించిన నాలుగేండ్లకు, 1930లో, అమెరికాలో మొక్కల పేటెంటు చట్టం వచ్చింది. అందుకు మద్దతు పలికినవారిలో ఆయన భార్య ఎలిజబెత్, మిత్రుడు ఎడిసన్ ఉన్నారు. ఆ చట్టం కింద మరణానంతరం ఆయన పేర 16 పేటెంట్లు లభించాయి. ప్లమ్ రకాలు వాటిలో ఉన్నాయి.

ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినది పట్టుదల ఒక్కటే అని మేము అనుకోవడం లేదు. బర్బాంక్ కొరత మన ఇండ్లలోనూ ఉంది. ఆయన చెట్లు మిగిలాయి, వాటి కథ తలతోపాటు పోయింది. ఈ గడ్డమీద పుట్టి పెరిగిన మన పిల్లలు అంటు మొక్కలవంటివారు. వేరు ఒక నేలది, గాలి మరొక నేలది. పండు తియ్యగానే ఉంది. అయితే ఆ కొమ్మ ఏ చెట్టుదో చెప్పగలవారు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. ఏ ఊరి నుండి వచ్చాము, తాతగారి తల్లి పేరేమిటి, అమ్మమ్మ ఆవకాయ పాళ్ళేమిటి, పెండ్లిలో పాడే పాట ఏ వరుస అన్నవి పెద్దల తలలలోనే ఉన్నాయి. ప్రతి ఇంట ఒక నోటుపుస్తకం పెట్టి, ఈ పండుగ సెలవులలో పెద్దలను కూర్చోబెట్టుకొని పిల్లల చేతనే వ్రాయించవలసిందని మా విన్నపం. తెలుగు అక్షరాలు వంకరగా వచ్చినా ఫరవాలేదు.

ఈసారి జబల్ అఖ్దర్ వెళ్ళినప్పుడు బర్కూక్ చెట్టు కనిపిస్తే ఒక నిమిషం ఆగండి. తోట యజమాని అనుమతితో ఒక పండు పిల్లల చేతిలో పెట్టి, పది దుంపలతో రైలెక్కిన ఆ మనిషి కథ చెప్పండి. ఇంటికి వచ్చాక నోటుపుస్తకం తెరవండి.